స్నోబోర్డు పరీక్షలో పల్టీలు అడగరు

సంపాదకులు గారికి,

నమస్కారం. గత ఆదివారం మీ చదువు-కొలువుల పేజీలో స్నోబోర్డు (రెండు కాళ్లూ ఒకే చెక్కకి కట్టుకుని మంచు వాలు మీద జారే ఆట) ఇన్‌స్ట్రక్టర్ ఉద్యోగాల మీద వేసిన వ్యాసం చదివాను. రోడ్డు మీద తారు కరిగే రోజుల్లో మన విజయనగరం జిల్లా పేపర్లో మంచు గురించి అరపేజీ వేసినందుకు ముందు మీకు థ్యాంక్స్. అయితే అందులో రెండో స్థాయి పరీక్ష, అంటే లెవెల్ 2, పాసవ్వాలంటే గాల్లో పల్టీలు కొట్టడం రావాలని రాశారు. అది తప్పండీ. ఏదో చిన్న పొరపాటైతే ఊరుకుందును, కానీ ఆ ఒక్క వాక్యం చదివి భయపడి మానేసేవాళ్లు కొందరుంటారు, సరదాపడి నడుం విరగ్గొట్టుకునేవాళ్లు ఇంకొందరుంటారు, అందుకే రాస్తున్నాను.

నేను బొబ్బిలి అమ్మాయిని. కెనడాలో చదువుకుంటూ అక్కడే బోర్డు నేర్చుకుని, లెవెల్ 1 పాసై, శని ఆదివారాల్లో మొదటిసారి మంచెక్కే పిల్లలకీ పెద్దలకీ నేర్పించాను. ఇప్పుడు సెలవులకి ఇంటికొచ్చి, వచ్చే శీతాకాలంలో లెవెల్ 2కి వెళ్లడానికి ఇక్కడి నుంచే తయారవుతున్నాను. మా పెదనాన్నకైతే ఇదంతా ఇప్పటికీ నమ్మకం కుదర్లేదు. "ఏటే, జారడానికీ పరీక్షేనా? అలాగైతే మన గెడ్డ గట్టు మీద జారిపడినోళ్లందరికీ సర్టిఫికెట్లు ఇచ్చీవొచ్చు" అంటారు.

ఈ పరీక్షలు ఒక్కో దేశంలో ఒక్కో సంస్థ పెడుతుంది. కెనడాలో సీఏఎస్ఐ, అమెరికాలో ఏఏఎస్ఐ, బ్రిటన్‌లో బీఏఎస్ఐ, న్యూజిలాండ్‌లో ఎన్‌జెడ్‌ఎస్‌ఐఏ, ఆస్ట్రేలియాలో ఏపీఎస్ఐ. వివరాల్లో తేడాలున్నా లెవెల్ 1, లెవెల్ 2 మధ్య గీత మాత్రం దాదాపు ఒకేచోట ఉంటుంది. లెవెల్ 1 వాళ్లు బోర్డు కాలికి ఎలా కట్టుకోవాలో కూడా తెలియనివాళ్లకి నేర్పుతారు: నిలబడడం, ఆగడం, మొదటి మలుపు. లెవెల్ 2 వాళ్ల దగ్గరికి వచ్చేది మలుపులు తిరగడం వచ్చినవాళ్లే, కానీ వాలు కొంచెం ఎక్కువైతే చాలు బిగుసుకుపోతారు. ఉత్తర అమెరికాలో కొండ మీద దారులకి గుర్తులు పెడతారు. పచ్చ గుండ్రం తేలిక, నీలం చతురస్రం మధ్యరకం, నల్ల డైమండ్ కష్టం. లెవెల్ 2 ఇన్‌స్ట్రక్టర్‌కి పని పడేది ఎక్కువగా ఆ నీలం దారుల్లోనే.

పరీక్షలో ముఖ్యంగా రెండు చూస్తారు: మనం ఎలా నడుపుతాం, ఎలా నేర్పుతాం. నడపడంలో అడిగేవి వినడానికి చాలా చప్పగా ఉంటాయి. మధ్యరకం వాలు మీద పెద్ద మలుపులు, తర్వాత చిన్న మలుపులు, ఎక్కడా వేగం చేయి దాటకుండా, ఒకదాని కొలత ఇంకోదానికి సరిపోయేలా. తర్వాత కార్వింగ్, అంటే బోర్డు పక్కకి జారకుండా అంచు మీదే నిలబడి మంచులో సన్నటి గీత వదులుతూ వెళ్లడం. సంస్థని బట్టి ఒక ఓలీయో (బోర్డు తోక మీద బరువేసి పైకి ఎగరడం), చిన్న జంపో, వెనక కాలు ముందుకి మార్చి నడిపే స్విచ్చో కూడా ఉంటుంది. తలకిందులవమని మాత్రం ఎవరూ అడగరు. పల్టీ కొట్టేవాడిని చూసి జనం చప్పట్లు కొడతారు గానీ, మెల్లగా తిరిగే ఒక్క మలుపులో ఎగ్జామినర్‌కి మన జాతకం మొత్తం కనపడిపోతుంది, ఎందుకంటే వేగం తక్కువగా ఉన్నప్పుడు లోపాన్ని దాచుకునే వీలుండదు.

ఉదాహరణకి ఒకటి చెప్తాను. బోర్డుకి రెండు అంచులు, కాలివేళ్ల వైపుది టో సైడ్, మడమల వైపుది హీల్ సైడ్. లెవెల్ 1 దాటిన చాలామందికి హీల్ సైడ్ మలుపు చివర్లో బోర్డు మంచు మీద టకటకమని కొట్టుకుంటుంది. తిరిగేవాళ్లు మంచు గట్టిగా ఉందని దాని మీదకి తోసేస్తారు. నిజానికి చాలాసార్లు మంచు తప్పేం ఉండదు. మోకాళ్లు బిగదీసి, నడుం దగ్గర మాత్రం వంగి, పిరుదుల్ని బోర్డుకి దూరంగా వెనక్కి పెట్టి కూర్చుంటారు. అప్పుడు అంచు మీద బరువు నిలకడగా ఉండదు, అంచు మంచుని పట్టుకుంటుంది, వదులుతుంది, మళ్లీ పట్టుకుంటుంది, ఆ చప్పుడు అదే. చీలమండలు, మోకాళ్లు, తుంటి మూడూ కలిసి వంగి బరువు అంచు మీదకి వస్తే చప్పుడు దానంతటదే తగ్గిపోతుంది. ఎగ్జామినర్లు కింద నిలబడి వెతికేవి ఇలాంటివే, కొంతమంది అయితే చూడకముందే వింటారు.

నేర్పడం దగ్గర అసలు కథ మొదలవుతుంది. ఎగ్జామినర్ ఎవరో ఒకర్ని చూపిస్తారు, తోటి అభ్యర్థే కావచ్చు, కొండ పైకి తీసుకెళ్లే కుర్చీ లిఫ్టులో కూర్చున్నప్పుడు కింద కనపడే ముక్కూమొహం తెలియని మనిషి కావచ్చు. ఏం కనపడింది, ఎందుకలా అవుతోంది, ఇప్పుడేం చేయిస్తావు అని అడుగుతారు. ఒకాయన ప్రతి మలుపు మొదట్లోనూ వెనక కాలితో బోర్డు తోకని ఒక్క తోపు తోసి తిప్పేస్తున్నాడనుకోండి. పచ్చ దారిలో అలా నడిచిపోతుంది. నీలం దారిలోకి వస్తే బోర్డు అడ్డం తిరిగి జారిపోతుంది, ఆయన కూలబడతాడు. "వెనక కాలు తోయకండి" అంటే ప్రయోజనం లేదు, ఆయన కావాలని తోయట్లేదు కదా. కిందికి చూసేసరికి భయం వేసింది, ఒళ్లు కొండ వైపు వాలింది, ముందు మోకాలు బిగుసుకుంది, బరువంతా వెనక కాలి మీద పడింది, బోర్డు ముక్కుకి పట్టు పోయింది, ఇక తిప్పడానికి ఆయనకి మిగిలింది వెనక కాలొక్కటే. ఈ వరస పట్టుకోగలిగితే ఏం చేయించాలో అందులోనే దొరుకుతుంది. నేనైతే ఆయన్ని మళ్లీ తేలిక వాలుకి తీసుకెళ్లి, ముందు చేత్తో ముందు మోకాలు ముట్టుకుంటూ మలుపు మొదలెట్టమంటాను. ముందు పాదంతో ముందుగా నొక్కమని, వెనక పాదాన్ని ఒక్క క్షణం ఆలస్యంగా రానివ్వమని చెప్తాను. బోర్డు ఆ చివరికీ ఈ చివరికీ మధ్య కాస్త మెలి తిరిగి మలుపులోకి వెళ్తుంది, తోయాల్సిన అవసరం పడదు. భయం తగ్గాక, నాలుగు మలుపులు కుదిరాక, అప్పుడు మళ్లీ నీలం దారి.

పిల్లలకి సైకిల్ నేర్పేటప్పుడు వెనక పరుగెత్తుతూ "బ్యాలెన్స్ చెయ్, బ్యాలెన్స్ చెయ్" అని అరిచే మావయ్యలు మనందరికీ తెలుసు. ఎలా చెయ్యాలో మాత్రం ఒక్కరూ చెప్పరు. లెవెల్ 2లో చాలామంది దెబ్బతినేది ఇక్కడే. బోర్డు బ్రహ్మాండంగా నడుపుతారు, విద్యార్థి ముందు నిలబెడితే "మోకాళ్లు వంచు" తప్ప ఇంకో మాట రాదు.

సీఏఎస్ఐ వాళ్లు నడిపే నైపుణ్యాన్ని అయిదుగా విడగొడతారు: నిలబడే తీరు-బ్యాలెన్స్, పివట్ (బోర్డుని తిప్పడం), ఎడ్జింగ్ (అంచు మీద నిలపడం), ప్రెషర్ (ఒత్తిడి), టైమింగ్-కోఆర్డినేషన్. ఏఏఎస్ఐ వాళ్లు బోర్డు ఏం చేస్తోందో చూడమంటారు, అంచు మీదకి ఒరుగుతోందా, మెలి తిరుగుతోందా, చుట్టూ తిరుగుతోందా, ఒత్తిడి ఎక్కడ పడుతోంది అని. ఈ పేర్లు బట్టీపట్టి అప్పజెప్తే మార్కులు రావు. పైన చెప్పిన ఆయన్ని చూపించి, ఇందులో ఏది ముందు పోయింది, దానివల్ల ఏది పోయింది అని అడుగుతారు. అమెరికా సంస్థ ఒక్కో అంశానికి 1 నుంచి 6 దాకా వేస్తుంది, 4 వస్తే ఆ అంశంలో గట్టెక్కినట్టు. అందులో సాంకేతిక జ్ఞానం, బోధన కాకుండా మనుషులతో ఎలా మసలుతామో కూడా వేరుగా చూస్తారు. ఎదుటివాళ్లు చెప్పేది వింటున్నామా, భయపడినవాళ్లని తొందరపెడుతున్నామా, ఇలాంటివన్నమాట. మన దగ్గర బీఈడీ ప్రాక్టికల్స్‌లో కూడా దీనికి ఇంత పట్టింపు ఉంటే బాగుండేదని నాకు అనిపిస్తుంది, సరే అది వేరే ఉత్తరం.

మీ వ్యాసంలో భద్రత ఊసే లేదు. కొండ మీద ముఖ్యమైన నియమం, మనకంటే కింద, ముందు ఉన్నవాళ్లకే దారి. వాళ్లని తప్పించుకోవాల్సింది వెనకొచ్చేవాళ్లే. పరీక్షలో మనం పాఠం చెప్పడానికి పిల్లల్ని ఎక్కడ ఆపామో కూడా గమనిస్తారు. వాలు విరిగి కిందికి దిగే మలుపు చాటున ఆపితే పైనుంచి వచ్చేవాళ్లకి కనపడరు, దారి పక్కన, దూరం నుంచే కనపడేచోట ఆపాలి. కొత్తవాళ్లు పడేటప్పుడు చెయ్యి ఆనించి మణికట్టు విరగ్గొట్టుకోవడం ఈ ఆటలో మామూలు, అందుకే రిస్ట్ గార్డులు చవకైన బీమా.

ఇక్కడ, ఈ ఎండలో, ఏం తయారవుతావమ్మా అని అడిగేవాళ్లే అందరూ. మంచు లేకుండా చేయగలిగింది చాలానే ఉంది. కాళ్ల బలం ముందు. ఆ విషయంలో మన జిల్లాకి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు, నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ నుంచి వెళ్లిన వెయిట్‌లిఫ్టర్ మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో పతకం తెచ్చింది, పక్క జిల్లా ఆమదాలవలసలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. బరువులెత్తే పిల్లలకి స్క్వాట్ నేర్పే మాస్టారు దొరికితే చాలు, స్నోబోర్డుకి అంతకంటే మంచి కోచింగ్ అక్కర్లేదు. నేను ఒంటికాలి స్క్వాట్లు చేస్తాను, గోడకి వీపు ఆనించి కుర్చీ లేకుండా కూర్చుంటాను, మడమల మీద నిలబడి కాలివేళ్లు పైకెత్తి పట్టుకుంటాను. ఈ చివరిది చూడ్డానికి వెర్రిగా ఉంటుంది గానీ హీల్ సైడ్‌లో ముందు నొప్పెట్టేది మోకాలి కింద ముందువైపు కండరమే. నీళ్ల పైపు ముక్క మీద మందపాటి చెక్క పెట్టి దాని మీద నిలబడడం ఇంకో సాధన, మా అమ్మ వంటింట్లోంచి "పడ్తావే, పడ్తావే" అంటూనే ఉంటుంది.

అంతకంటే పనికొచ్చింది మా తమ్ముడు. వాడికి స్కేట్‌బోర్డు నేర్పిస్తున్నాను. ఇంజినీరింగ్ చదువుతున్నాడు కాబట్టి ఏం చెప్పినా "ఎందుకు" అంటాడు, ఊరికే నమ్మడు. భుజాలు దారివైపు పూర్తిగా తిప్పేసి నిలబడతాడు, అందుకే ముందు చక్రాలు వాడు అనుకున్న వైపు పోవు. ఫోన్‌లో వీడియో తీసి, నెమ్మదిగా ఆడించి, మలుపు మొదలయ్యే చోట ఆపి, "ఇక్కడ నీ ముందు మోకాలు ఎలా ఉంది చెప్పు" అని వాడితోనే చెప్పిస్తాను. వాడు చెప్పేదాకా నేను నోరు మెదపకూడదు, నాకు అదే కష్టమైన సాధన. స్నోబోర్డు వీడియోలు కూడా ఇలాగే, సౌండ్ తీసేసి ఒక్కో మలుపు ఆపి ఆపి చూస్తే రోజూ ఒక పాఠం అయిపోతుంది. ఇసుక మీద సాధన చెయ్యొచ్చు కదా అని చాలామంది అంటారు. కళింగపట్నం వైపు ఇసుక దిబ్బల మీద జారితే సరదాగా ఉంటుంది, అంతే. పొడి ఇసుకలో రాపిడి ఎక్కువ, అంచు మంచుని పట్టినట్టు ఇసుకని పట్టదు. భీమిలి ఎర్రమట్టి దిబ్బల మీదకి మాత్రం దయచేసి బోర్డు పట్టుకెళ్లొద్దు, అవి జాతీయ భూ వారసత్వ సంపద, మన కాళ్ల కింద నలిగిపోవడానికి కాదు.

మంచు కావాలంటే మన దేశంలో గుల్మార్గ్ ఉంది. సుమారు 2,650 మీటర్ల ఎత్తు, అక్కడ కేంద్ర పర్యాటక శాఖ కింద స్కీయింగ్ నేర్పే సంస్థ ఉంది, ఖేలో ఇండియా శీతాకాల క్రీడల్లో స్కీయింగ్, స్నోబోర్డు పోటీలు 2020 నుంచి జరుగుతున్నది అక్కడే. గోండోలా (కేబుల్ కారు) రెండో దశ ఎక్కితే అఫర్వాట్ శిఖరం దగ్గర దాదాపు 4,000 మీటర్లకి చేరొచ్చు, కానీ అది హిమపాతాల చోటు, గైడ్ లేకుండా పోయేది కాదు, లెవెల్ 2 సాధనకి కింది వాలులే చాలు. టికెట్లు బుక్ చేసే ముందు మంచు పడిందో లేదో కనుక్కోండి. 2024 జనవరిలో గుల్మార్గ్ గోధుమ రంగులో ఉంది, 2025లో మంచు చాలక ఖేలో ఇండియా పోటీలు ఫిబ్రవరి నుంచి మార్చికి వాయిదా పడ్డాయి. గల్ఫ్‌లో పనిచేసే మన శ్రీకాకుళం, విజయనగరం కుర్రాళ్లు బోలెడంతమంది, దుబాయ్‌లో ఉన్నవాళ్లకైతే 2005 నుంచి నడుస్తున్న స్కీ దుబాయ్ ఉంది. పెద్ద వాలు 400 మీటర్లే అయినా ఏడాది పొడుగునా మంచు, ఒకే మలుపుని పదే పదే సరిచేసుకోవడానికి అది బాగానే పనికొస్తుంది.

ఇంకొక్క సంగతి, ఇది రాయకపోతే నాకు నిద్రపట్టదు. మీ వ్యాసం పక్కనే ఒక కన్సల్టెన్సీ ప్రకటన ఉంది, 'లెవెల్ 2 గ్యారంటీ, వీసా గ్యారంటీ' అని. పేరు రాయను. లెవెల్ 2 గ్యారంటీ ఇవ్వడం ఎవరి తరమూ కాదు, ముందు లెవెల్ 1 ఉండాలి, తర్వాత ఎగ్జామినర్ కళ్లముందు నడపాలి, నేర్పాలి. రిజిస్ట్రేషన్ ఎవరికివారే ఆయా సంస్థ వెబ్‌సైట్‌లో చేసుకోవచ్చు, ఫీజూ తేదీలూ అక్కడే ఉంటాయి, మధ్యలో మనిషి అవసరమే లేదు. సర్టిఫికెట్ చేతికొచ్చినా అది పని అనుమతి కాదు. యువతకి కెనడా ఇచ్చే వర్కింగ్ హాలిడే (కొంతకాలం పనిచేసుకుంటూ దేశం చూసే అనుమతి) ఒప్పందాల్లో మన దేశం లేదు. నాలాంటి స్టూడెంట్లు సెమిస్టర్ నడుస్తున్నప్పుడు క్యాంపస్ బయట వారానికి 24 గంటలకి మించి పనిచేయకూడదు. ఆస్ట్రేలియా వాళ్లు 2024లో వర్క్ అండ్ హాలిడే వీసా భారతీయులకి తెరిచారు, కానీ ఏడాదికి 1,000 మందికే, అదీ లాటరీ, వయసు 18 నుంచి 30 మధ్య ఉండాలి. అక్కడ మంచు కాలం జూన్ నుంచి అక్టోబర్ మొదటి వారం దాకా, అంటే మనకి వానలు పడేటప్పుడు. ఈ దారి నిజమైనదే, ఇరుకైనది కూడా, లాటరీలో పేరొస్తుందని ఎవరైనా గ్యారంటీ ఇస్తే వాళ్ల దగ్గర టీ కూడా తాగకండి.

మా మండలంలో ఒకింట్లో ఆ ప్రకటన చూసి పొలం తాకట్టు మాటలు మొదలయ్యాయి. ఆ కుర్రాడు ఇంకా మంచు చూడలేదు. నేను వెళ్లి మాట్లాడాను, వాళ్ల నాన్న విన్నారు గానీ "పేపర్లో పడిందమ్మా" అన్నారు. ఆయనకి మీ మాటే కావాలి, నా మాట కాదు. అందుకే సవరణ వేసేటప్పుడు పరీక్ష గురించి రాసిన వాక్యం ఒక్కటే సరిచేస్తే సరిపోదు. లెవెల్ 2 సర్టిఫికెట్‌కీ వీసాకీ సంబంధం లేదన్న రెండు ముక్కలు కూడా ప్రకటన వేసిన సైజులోనే వేయండి. వచ్చే ఆదివారం లోపు పడితే ఆయన బ్యాంకుకి వెళ్లేలోపు చదువుతారు.

ఇట్లు,
ఓ పాఠకురాలు,
బొబ్బిలి, విజయనగరం జిల్లా